నముంబా పదకొండు మంది

యూనివర్సిటీ పక్కనున్న చికాండాలో యాంఖో, నేను ఒకే గదిలో మూడేళ్లు అద్దెకున్నాం. నాది భూగోళశాస్త్రం, తనది ఎకనామిక్స్. తను న్చేవులో ఒక బడిపంతులు కూతురు. అబద్ధం నోట పలకని మనిషి. "గిన్నె మాడబెట్టిందెవరు?" అని ఇంటావిడ అడిగితే నేను పైకప్పు చూసేదాన్ని. తను మాత్రం "మాడబెట్టింది ఎస్నాట్, కడగనిది నేనమ్మా" అని నా పేరుతో సహా ఉన్నదున్నట్టు చెప్పేసేది.

చివరి ఏడాది ఎవరికి వాళ్లు సొంతంగా ఒక పరిశోధన చేసి ఇవ్వాలి. యాంఖో కందుల మీద పెట్టుకుంది. ములాంజే కొండ కింద ఊళ్లలో కందులు పండించే ఆడవాళ్లు గుమ్మంలోకి వచ్చిన సైకిలు బేరగాడికే అమ్ముతారు. అదే సంతకు మోసుకెళ్తే కిలోకి ఎంతో కొంత ఎక్కువ వస్తుంది. తెలిసి కూడా ఎందుకు వెళ్లరన్నది తన ప్రశ్న.

"ప్రశ్న బాగుంది. కానీ అరవై మందిని అడగాలి. ఒక్కటి తగ్గినా నా బల్ల మీద పెట్టకు" అన్నారు గైడు గొండ్వే సారు.

ఫిబ్రవరి అంతా తిరిగింది. చెప్పులు తెగాయి, కాళ్లు పొక్కాయి, నలభై తొమ్మిది ఫారాలు నిండాయి. మిగిలిన పదకొండు ఇళ్లు నముంబాలో, కొండ పాదానికి ఆనుకుని ఉన్నాయి. ఒకసారి పైకెళ్లి పేర్లు మాత్రం రాసుకొచ్చింది. ఆరోజు ఎలెస్టినా అనే ఆవిడ మొక్కజొన్న చేలో కలుపు తీస్తూ తనను పిలిచి, ఉడికించిన పొత్తు చేతిలో పెట్టిందట.

"పేర్లు రాసుకోవడానికి చాలామందే వస్తారమ్మాయ్. ఎరువులిస్తామని ఒకళ్లు, దోమతెరలిస్తామని ఒకళ్లు. నువ్వేమిస్తావు?"

"నేనేమీ ఇవ్వనక్కా. నాలుగు మాటలు అడిగి పోతాను."

"అదే నయం. ఆశ పెట్టవు."

యాంఖో ఈ మాటలు నాకు నవ్వుతూ చెప్పింది.

మార్చి రెండో వారం, శుక్రవారం వాన పట్టుకుంది. అది మామూలు వాన కాదు. మా ఎదురుగా ఉండే జొంబా కొండ కనబడటం మానేసింది, కరెంటు పోయింది, మినీబస్సులు ఒకటీ అరా తప్ప ఆగిపోయాయి. యాంఖోకి నూటరెండు జ్వరం. సోమవారం ఫారాలు ఇచ్చెయ్యాలి.

ఆదివారం మధ్యాహ్నం తను మంచం మీద లేచి కూర్చుని, ఖాళీ ఫారాలు పదకొండూ ఒళ్లో పెట్టుకుంది.

"ఎస్నాట్, ఆ ఊళ్లో నేను చూసిన చేలు చిన్నవే. ఒక్కొక్కరికి ఎన్ని బస్తాలు పండుతాయంటావ్?"

ఏం చేయబోతోందో నాకు అర్థమైంది. వద్దని ఒక్క మాట అంటే మానేసేది. "రెండు వెయ్యి. ఎలెస్టినాకి మాత్రం మూడు, మనిషి గట్టిదన్నావుగా" అన్నాను.

సాయంత్రం దాకా ఇద్దరం అదే పని. ఒకరికి ముగ్గురు పిల్లల్నిచ్చాం, ఒకరి మొగుణ్ణి టీ తోటల్లో కూలికి పంపాం. అన్నీ ఒకేలా ఉంటే సారు పసిగడతారని, ఒకావిడ చేత ఒక ప్రశ్నకు జవాబు చెప్పనని అనిపించాం. దానికి పడి పడి నవ్వుకున్నాం కూడా. చర్చి అయ్యాక ఆడవాళ్లు ఇళ్ల దగ్గరే దొరుకుతారు కదా అని, తేదీ ఆ ఆదివారమే వేసింది యాంఖో. సోమవారం గొడుగేసుకుని వెళ్లి ఫారాలు ఇచ్చేసి వచ్చింది.

గురువారం కరెంటు వచ్చింది. పక్కింటి రేడియోలో ఒక్కో ఊరి పేరూ చదువుతున్నారు. కొండ విరిగి బండలూ బురదా మీద పడ్డ ఊళ్లు. నాలుగో పేరు నముంబా. ఏ రోజు పడ్డాయో మాత్రం చెప్పలేదు.

యాంఖో పొయ్యి మీద మొక్కజొన్న పిండితో న్సీమా ముద్ద కలుపుతోంది. చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది. ముద్ద అడుగంటి వాసనొచ్చే దాకా ఇద్దరం కదల్లేదు.

సంగతి అక్కడితో ఆగలేదు. ఫారాల మీద తేదీ చూసి గొండ్వే సారు డిపార్టుమెంటంతా చెప్పారు, ఈ పిల్ల ఆదివారం ఆ ఊళ్లోనే ఉంది, వెంట్రుకవాసిలో తప్పించుకుంది అని. శుక్రవారం చర్చి ప్రార్థనలో తనను ముందుకు పిలిచి, నెత్తిన చేతులు పెట్టి దేవుడికి స్తోత్రాలు చెప్పారు. ఎవరి ద్వారా తెలిసిందో, వాళ్ల నాన్న ఫోను చేసి ఏడ్చాడు. "తల్లీ, నిన్నెందుకు బతికించాడో ఆయనకే తెలుసు" అన్నాడట. తను "ఊఁ" అని పెట్టేసింది.

ఆ తర్వాత తను నిద్రకు, తిండికి దూరమైంది. ఒక పొద్దున నా పక్కన కూర్చుని మెల్లగా అంది. "వాళ్ల గొంతులు నేను విన్నది ఒక్కసారే కదే. ఇప్పుడు మనం రాసిన జవాబులన్నీ ఆ గొంతులతోనే వినబడుతున్నాయి. నేను ప్రశ్న అడక్కుండానే చెబుతున్నారు."

నేను జ్వరం తగ్గలేదన్నాను. అప్పటికి జ్వరం పోయి నాలుగు రోజులైంది.

పది రోజుల తర్వాత డిపార్టుమెంటు ప్యూను లెవిసన్ మా గది వెతుక్కుంటూ వచ్చాడు. యాభై దాటిన మనిషి. గుమ్మం దగ్గర టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. పాంటు మోకాళ్ల దాకా ఎండిన బురద.

"యాంఖో తల్లీ, ఎలెస్టినా నా చెల్లెలు. కొండ జారింది శనివారం తెల్లారుజామున. బతికి కిందికి దిగినవాళ్లే చెప్పారు. నీ కాగితం చూశాను, ఆదివారం నీతో మాట్లాడింది. అంటే బతికే ఉన్నట్టేగా. వారం నుంచి శిబిరాలు తిరుగుతున్నా. ఎక్కడ కలిశావు దాన్ని, బళ్లోనా, చర్చిలోనా?"

యాంఖో నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"లోపలికొచ్చి కూర్చో బాబాయ్" అంది. ఆయన కూర్చున్నాక తనూ నేల మీద ఎదురుగా కూర్చుని, మొత్తం చెప్పింది. జ్వరం, వాన, గడువు. సాకుగా చెప్పలేదు, జరిగింది జరిగినట్టు చెప్పింది. "మేము" అనాల్సిన చోటల్లా "నేను" అంది.

లెవిసన్ తిట్టలేదు. టోపీ అంచును చుట్టూ తిప్పాడు.

"ఊరికే ఎవరైనా చూశామంటే నమ్మేవాణ్ణి కాదు. కాగితం మీద ఉంది కదా అనుకున్నాను."

"తప్పు చేశాను బాబాయ్."

ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. ఎలెస్టినా ఫారం జిరాక్సు. ఇంగ్లీషులో ఉంది, ఆయనకు పేరూ తేదీ వరకే తెలుసు.

"ఏం రాశావో చదువు."

"అదంతా అబద్ధం బాబాయ్."

"తెలిసింది. చదువు."

యాంఖో చదివింది. వయసు నలభై ఒకటి. పిల్లలు ముగ్గురు.

"దానికి పిల్లల్లేరు."

కందులు మూడు బస్తాలు. రోజుకు మూడు పూటలా తింటారు.

"మూడు పూటలా" అన్నాడు లెవిసన్. "మంచిదే రాశావు. ఇంకా?"

వచ్చే ఏడు ఇంకా ఎక్కువ వేస్తారా అన్న ప్రశ్నకు, వేస్తాను అని ఉంది. అక్కడ యాంఖో కాగితం దించేసింది. ఆయన కాగితం తీసుకుని, అవే మడతల మీద మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు.

మర్నాడే తను గొండ్వే సారు దగ్గరికి వెళ్లి అంతా చెప్పేసింది. "నలభై తొమ్మిదితో వస్తే తిట్టేవాణ్ణి, తిట్టి తీసుకునేవాణ్ణి" అన్నారట ఆయన. పరిశోధనకు సున్నా వేశారు, ఏడాది మళ్లీ చదవమన్నారు. సాయం చేసిందెవరని అడిగితే ఎవరూ లేరని చెప్పింది. తను నోటితో చెప్పగా నాకు తెలిసిన అబద్ధం అదొక్కటే.

రోడ్లు బాగయ్యాక లెవిసన్ మళ్లీ శిబిరాలకు వెళ్తుంటే యాంఖో కూడా వెళ్లింది. ఆయన రమ్మనలేదు, రావద్దనీ అనలేదు. రెండు వారాలు శిబిరాలు పెట్టిన బళ్లూ, ఆసుపత్రులూ తిరిగారు. పదకొండు మందిలో నలుగురు కనబడ్డారు. ఎలెస్టినా బతికీ కనబడలేదు, చనిపోయీ కనబడలేదు. నముంబాలో ఇళ్లున్న చోట ఏనుగులంత బండలున్నాయని, వాటి మధ్య ఎక్కడ తవ్వాలో ఎవరికీ తెలియలేదని చెప్పింది.

మరుసటి ఏడాది తను ఆ ప్రశ్ననే మళ్లీ పట్టుకుంది. నముంబాలో మిగిలిన నలుగురినీ అడగడానికి వెళ్లింది. వాళ్లలో ఒకావిడ, సంతకు ఎందుకు వెళ్లరంటే, "సంతకు పొద్దంతా పడుతుంది. పొద్దంతా ఇల్లు వదిలితే నా ఇల్లు నా ఇల్లులా ఉండదు" అందట. ఇప్పుడు ఇల్లే లేదు కాబట్టి సంతకే వెళ్తున్నానని కూడా అందట. యాంఖో ఆ మాట ఉన్నదున్నట్టు రాసింది. ఈసారి యాభై మూడు ఫారాలే ఇచ్చింది, సారు తీసుకున్నారు. మామూలు మార్కులతో గట్టెక్కింది. ఇప్పుడు బలాకాలో వ్యవసాయ శాఖలో చేస్తోంది. ఊళ్లకు వెళ్లే ఉద్యోగమే అడిగి తీసుకుందట.

లెవిసన్ ఇంకో రెండేళ్లు పనిచేసి రిటైరయ్యాడు. యాంఖోని చూస్తే పలకరించేవాడు, ఆరోగ్యం అడిగేవాడు. శిబిరాలు మూసేశాక కూడా సెలవులొస్తే ఎటో వెళ్లొస్తుండేవాడని ఆఫీసులో చెప్పుకునేవాళ్లు.

నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ ఏడే డిగ్రీ తీసుకున్నాను. ఇప్పుడు త్యోలోలో హైస్కూలు పిల్లలకు భూగోళం చెబుతున్నాను. కొండచరియల పాఠం వచ్చిన వారం పక్క సెక్షన్ టీచరుని బతిమాలి నా క్లాసులు ఆయనకిస్తాను, ఆయన పరీక్షపేపర్లు నేను దిద్దుతాను. ఆయన ఎందుకని అడగడు. అడిగితే చెప్పేస్తానేమోనని ఏటా అనుకుంటాను.