నేను రబ్బరు వేశాను, రాజేశం పెద్దబాపు షాఫ్టులు పాడయ్యాయి

సిరిసిల్లలో మా బాపుకు లేత్ షెడ్డు ఉంది. ఇనుప కడ్డీలు చెక్కి మరమగ్గాలకు షాఫ్టులు చేస్తారు. నేను పాలిటెక్నిక్ మెకానికల్ చదువుతున్నాను. మిషన్ కాళ్ల కింద రబ్బరు వేస్తే అదురు తగ్గుతుందని క్లాసులో చెప్పారు. బాపును ఒప్పించి, నిన్న సాయంత్రం జాకీ పెట్టి వేయించాను. ఈ పొద్దున మోటారు తిరుగుతున్నా నేల కాస్తయినా అదరలేదు. నా సంబరానికి అంతు లేదు.

మధ్యాహ్నానికి రాజేశం పెద్దబాపు రెండు షాఫ్టులు పాడుచేశాడు. మా దగ్గర పాత మిస్త్రీ ఆయన. అంతకుముందు మరమగ్గాలు నడిపి, ఆ మోతకు చెవులు పోగొట్టుకున్నాడు.

"వయసైపోయింది రాజేశన్నా, ఇగ ఇంటికాడ కూసో!" అని బాపు గట్టిగా అరిచాడు.

పెద్దబాపు చెప్పులు వెతుక్కుంటుంటే ఏమైందని సైగ చేశాను.

"కోసే టూల్ మొద్దయితే నా అరికాళ్లకు ఎరుకైతది బిడ్డా. గియ్యాల ఏం ఎరుకైతలేదు. కాళ్లు గూడ సచ్చిపోయినయో ఏమో."

ఆయన వట్టికాళ్లతో పనిచేసేది నేల అదురు కోసమని నాకు అప్పుడు తెలిసింది. "తప్పు నాది బాపూ" అని మా బాపుతో చెప్పి, మిషన్ కింది రబ్బరు పెద్దబాపుకు చూపించాను.

"నీ సదువు సల్లగుండ! నా కాళ్లు పోయినయనుకున్న కదనే!" అని పగలబడి నవ్వాడు. రబ్బరు తీసేశాక, టూల్ నూరి చేసిన మూడో షాఫ్టు అద్దంలా వచ్చింది.

మా పుస్తకంలోని బొమ్మలో మోటారు ఉంది, మిషన్ ఉంది, నేల ఉంది. నేల మీద నిలబడే మనిషి లేడు. మీ పుస్తకాల్లో ఉన్నాడేమో కాస్త చూసి చెప్పండి.