ఉతికినా పోని పేరు

అత్తగారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి, పేరు పిచ్చి. ఆ మాట పైకి అనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు కాబట్టి కోడలు మనసులోనే అనుకునేది, అదీ పూటకోసారి. పాత చీరలూ చొక్కాలూ ముక్కలు చేసి ఆవిడ బొంతలు కుట్టేది. కుడితే కుట్టింది, లోకంలో ఎంతమంది కుట్టడం లేదు! కానీ బొంత వెనక మూలన అరచేతిలో సగం ఉండే తెల్లగుడ్డ లేబుల్, దాని మీద అచ్చక్షరాల్లో "కుట్టింది" అని, కింద ఇంటిపేరుతో సహా తన పేరు, ఆ కింద "చల్లటి నీళ్లలో ఉతకాలి, గట్టిగా పిండరాదు" అన్న హెచ్చరిక లేనిదే ఆ బొంత గడప దాటేది కాదు.

"కప్పుకుని పడుకునేవాళ్లు వెనక్కి తిప్పి పేరు చదువుతారా అత్తయ్యా?" అని కాపురానికొచ్చిన కొత్తలో కోడలు అడగనే అడిగింది.

"చదవకపోతే వాళ్ల ఖర్మ. ఉతికినా పోదు కదా, ఎప్పుడో ఒకప్పుడు చదువుతారు."

ఉతికినా పోదు. ఆ మాట ఆవిడ నోట వచ్చినన్నిసార్లు కొడుకు పేరు కూడా వచ్చి ఉండదు.

పక్కింటి టీచరమ్మ కూడా ఓ బొంత కుట్టి, మూలన పెన్నుతో పేరు రాసి, మెప్పు కోసం పట్టుకొచ్చింది. అత్తగారు కళ్లజోడు ముక్కు చివరికి దించుకుని చూసింది.

"ఉతికారా?"

"ఇంకా లేదు పిన్నిగారూ."

"ఉతక్కండి" అని మడతపెట్టి చేతికిచ్చేసింది.

టీచరమ్మ పంతానికి పోయి ఉతికింది. పేరు కాస్తా కరిగి నీలం మడుగైంది. అత్తగారు పనిగట్టుకుని వాళ్లింటికి వెళ్లి, "ఇందులో మీ పేరు ఎటునుంచి చదవాలి?" అని అడిగి వచ్చింది. ఆ తర్వాత టీచరమ్మ కొన్నాళ్లు ఆ వైపు కిటికీ తెరవలేదు.

లేబుళ్లు అచ్చయ్యేది కొడుకు ఆఫీసు పని కోసం కొనుక్కున్న ప్రింటర్లోనే. ముందు తెల్లగుడ్డని ఉతికి గంజి వదిలించాలి. రంగు నిలబడే మందునీళ్లలో నానబెట్టి ఆరేయాలి. మైనం పూసిన కాగితం మీద పరిచి ఇస్త్రీ చేస్తే గుడ్డ దానికి అంటుకుని అట్టలా బిరుసెక్కుతుంది. అప్పుడు కాగితం కొలతకి కత్తిరించి ప్రింటర్లో పెట్టాలి. అంచున ఒక్క పోగు వేలాడినా ప్రింటర్ దాన్ని నమిలి మింగేసేది. కొడుకు పట్టకారు పుచ్చుకుని దాని నోట్లోంచి దారాలు లాగుతూ కూర్చునేవాడు.

ఓ రోజు ఆఫీసుకు వెళ్లే తొందరలో అతను సెలవు అర్జీ ప్రింట్ కొట్టాడు. ట్రేలో కాగితం ఉందో గుడ్డ ఉందో చూసుకోలేదు. అర్జీ గుడ్డ మీద అచ్చై, అంచులు తీరుగా బయటికొచ్చింది.

"అమ్మా! ఇది మేనేజర్‌కి ఎలా ఇవ్వను?"

"ఏం, ఇస్తే? ఉతికినా పోదు."

వేరే దారిలేక అదే ఇచ్చాడు. మేనేజర్ దాన్ని వేళ్లతో నలిపి చూసి, "దీన్ని ఫైల్లో పెట్టమంటావా, దండెం మీద వెయ్యమంటావా?" అన్నాడట.

పరీక్షల బాధంతా మామగారిది. ప్రతి కొత్త రంగు లేబుల్నీ ఆయన బట్టల మీద కుట్టి, పలుమార్లు ఉతికి చూస్తే గాని ఆవిడకు నమ్మకం కుదరదు. అలాంటి చొక్కాతోనే ఆయన ఓసారి ఆఫీసుకు వెళ్లాడు. వెనక కాలర్ కింద "గట్టిగా పిండరాదు" అన్న అక్షరాలు చదివి, పక్క సీటాయన "మీ ఆవిడకి మీరంటే ఎంత జాలండీ!" అన్నాడు.

"ఆ నియమం చొక్కాకేనండీ, నాకు కాదు" అన్నాడు మామగారు.

ఇంతలో కోడలి చెల్లెలు నీళ్లోసుకుంది. "అమ్మ చీరలు నీ దగ్గరున్నాయిగా అక్కా, పుట్టేవాళ్లకి ఏదైనా కుట్టిపెట్టవే" అని అడిగింది. తల్లి పోయాక మిగిలినవి ఆ నాలుగు చీరలే. కోడలు కత్తెర పట్టింది. అత్తగారిని సాయం అడగడానికి పౌరుషం అడ్డొచ్చింది. తలుపేసుకుని కుట్టింది. ముక్కలు ఒకదానికొకటి కలవలేదు, మూలలు తలో దిక్కూ చూశాయి. లేవబోతే బొంత కూడా లేచింది, చూసుకుంటే దాన్ని తన చున్నీకి కలిపి కుట్టేసుకుంది.

సరిగ్గా అప్పుడే అత్తగారు తలుపు తోసింది. బొంతనీ కోడలినీ ఎగాదిగా చూసి, "ఇది కప్పుకోవడానికా, కాళ్లు తుడుచుకోవడానికా?" అంది.

కోడలికి ఏడుపు తన్నుకొచ్చింది. అమ్మ చీరలు! కోసినవి మళ్లీ అతకవు, కొందామంటే దొరకవు. చున్నీకి పడ్డ కుట్లు విప్పుకుని, బొంతని పాతగుడ్డల సంచీలో కుక్కేసి, బజారుకెళ్లి మెత్తటి తువ్వాళ్లు కొనుక్కొచ్చింది. ఆవిడతో అవసరానికి మించి మాట్లాడటం మానేసింది. ఆవిడ అది గమనించినట్టే కనిపించలేదు. ఎప్పటిలాగే లేబుళ్లు ఇస్త్రీ చేసుకుంటూ కూర్చుంది.

చెల్లెలికి పాప పుట్టింది. తువ్వాళ్లు పట్టుకుని, ఏం చెప్పి తప్పించుకోవాలా అనుకుంటూ కోడలు వెళ్లింది. గదిలోకి అడుగుపెట్టి ఆగిపోయింది. పాప పడుకున్నది అమ్మ చీరల మీద.

"నువ్వు పంపావని మీ మామగారు తెచ్చిచ్చారక్కా. ఎంత బాగా కుట్టావే!" అంది చెల్లెలు.

కోడలు పాపని ఎత్తి చెల్లెలి చేతికిచ్చి, వంగి చూసింది. మధ్యలో వంకరటింకర కుట్లన్నీ తనవే, ఒక్కటి కూడా విప్పలేదు. ముక్కలు కలవక సందులు పడ్డచోట మాత్రం కనపడనంత సన్నటి కుట్టు పడింది. చుట్టూ గట్టి అంచు, వెనక మెత్తటి గుడ్డ. మూలన లేబుల్: "అమ్మమ్మ చీరలు. కుట్టింది పెద్దమ్మ." తిరగేసి మరగేసి వెతికినా అత్తగారి పేరు ఎక్కడా లేదు.

ఇంటికొచ్చి సూటిగా అడిగేసింది. "మీ పేరు వేసుకోలేదేం అత్తయ్యా?"

"దాని మీదా? ఆ కుట్లు చూసి నలుగురూ నా మొహాన ఉమ్మేయడానికా?"

"మరి విప్పి మళ్లీ కుట్టొచ్చుగా?"

"విప్పేస్తే అది నువ్వు కుట్టింది ఎలా అవుతుందే, తెలివితక్కువదానా!" అని విసుక్కుంటూ ఆవిడ కళ్లజోడు తీసి, ఏ మరకా లేని అద్దాల్ని కొంగుతో తెగ తుడిచింది. తర్వాత కాలితో పీటని ఇటు నెట్టింది. "కూర్చో. మూలలు కలపడం నేర్చుకో. రెండో బిడ్డకైనా పనికొస్తుంది."

"మొదటి బిడ్డకి ఇంకా నెల కూడా నిండలేదు అత్తయ్యా!"

"నీ చేతివేగం చూశానుగా. ఇవాళ మొదలెడితే అప్పటికి అవుతుంది."

కోడలు పీట దగ్గరికి లాక్కుంది.