కైనేజ్‌కి కొట్టిన కొబ్బరికాయ

నా ప్రాణం నిలబెట్టాల్సిన మందుని నేనే కొబ్బరికాయ కొట్టి చంపేశాను. ఆ మొహాలేంటమ్మా అలా పెట్టారు? టీ చల్లారిపోతోంది, తాగుతూ వినండి.

నాకు రక్తంలో జబ్బని మీకు తెలుసుగా. మన కణాల్లో కైనేజ్ అని ఒక ప్రొటీన్ ఉంటుందట. 'పెరగండి', 'ఇక చాలు' అని ఆర్డర్లు వేసే సూపర్‌వైజర్ లాంటిది. నాలో ఉన్నదానికి స్విచ్ పాడైంది. పగలూ రాత్రీ 'పెరగండి, పెరగండి' అని ఒకటే కేకలు! దాని నోట్లో గుడ్డ కుక్కే మాత్ర ఒకటి వేసుకునేదాన్ని. రెండేళ్లు బ్రహ్మాండంగా పనిచేసింది. ఈలోగా ఆ మాయదారిది మూతి ఆకారమే మార్చేసుకుంది. మాత్ర దానికి పట్టడం మానేసింది. డాక్టరమ్మ రిపోర్టు చూసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, "వేరే మాత్ర ఒకటుందమ్మా, వాడి చూద్దాం" అంది. ఆ 'చూద్దాం' విన్నాక నాకు వారం రోజులు ఏసీ అక్కర్లేకపోయింది.

మా అల్లుడు శ్రీధర్ పని కూడా అదే. మూతి మార్చుకున్న కైనేజ్‌కి పట్టే కొత్త మందుని ఏఐతో వెతకడం. నా రిపోర్టు చూశాక పట్టుబట్టి ఆ ప్రాజెక్టు తీసుకున్నాడు. చిన్న కంపెనీ కదా, రాయదుర్గంలో ఆఫీసు ఖాళీ చేసి, యంత్రాన్ని మణికొండలో మా ఫ్లాట్‌కే తెచ్చి వెనకగదిలో పెట్టాడు. బీరువా అంత పెట్టె! సరే, బీరువా కాదు, చిన్న ఫ్రిజ్ అంత. పక్కన ఇంకో బుల్లి పెట్టె. రెండూ కలిసి విమానం లేచేముందు చేసేంత రొద. అది కోట్లకొద్దీ మందుల బొమ్మలు తనే గీసుకుని, ఒక్కొక్కటీ ఆ ప్రొటీన్ సందులో ఇముడుతుందో లేదో చూస్తుందట.

"దొరికితే నాకిస్తావా బాబూ?" అని అడిగాను.

"అత్తయ్య గారూ..." అని నీళ్లు నమిలాడు. "కంప్యూటర్ చెప్పేది పట్టొచ్చు అని మాత్రమే అండి. ఆ తర్వాత ల్యాబు, ఎలుకలు, మనుషుల మీద పరీక్షలు... ఏళ్లు పడుతుంది."

"అయితే నాకు కాదు, నా తర్వాతి వాళ్లకి."

అతను వంగి యంత్రం వైర్లు సర్దడం మొదలుపెట్టాడు. అత్తగారి మొహం మీద అవునని ఏ అల్లుడంటాడు చెప్పండి!

దసరా వెళ్లిన సోమవారం, పెట్టుబడి పెట్టినవాళ్లకి ఫలితాలు చూపించాలి. నచ్చకపోతే ప్రాజెక్టు మూసేస్తారు. అందుకని మహర్నవమి నాడు కూడా ఆ పెట్టెలు రొద పెడుతూనే ఉన్నాయి. నాకు మనసొప్పలేదు. మా ఆయన బస్ డిపోలో మెకానిక్. ఆయుధ పూజ రోజు స్పానర్లన్నీ పీట మీద బొట్లు పెట్టుకుని కూర్చునేవి. ఒక్క నట్టు తిప్పనిచ్చేవారు కాదు. అలాంటి ఇంట్లో, నా ప్రాణం కోసం పాటుపడే యంత్రానికి పండగ పూట పూజా లేదు, విశ్రాంతీ లేదు!

అమ్మాయీ అల్లుడూ పువ్వుల కోసం నార్సింగి వెళ్లారు. వెళ్తూ అల్లుడు, "ఆ గదిలోకి ఎవరూ వెళ్లకుండా చూడండి అత్తయ్య గారూ" అన్నాడు. ఎవరూ అంటే నేను కాదు కదా!

వెళ్లాను. స్విచ్ తీసేశాను. నా కైనేజ్ స్విచ్ ఆపడం ప్రపంచంలో ఇంతమంది సైంటిస్టులకి చేతకాలేదు. ఈ స్విచ్ మాత్రం ఒక్క వేలితో ఆగిపోయింది! పసుపు రాసి, బొట్లు పెట్టి, సాంబ్రాణి వేశాను. కొబ్బరికాయ కొడితే లోపల పువ్వు! మందు దొరికినట్టే అనుకుని, రెండు పెట్టెల నెత్తినా కొబ్బరినీళ్లు పోశాను. పైన జాలీలా చిల్లులున్నాయిగా, గుటగుటా ఇంకిపోయాయి. అమ్మవారే తాగిందనుకున్నాను.

ఇంతలో కింద అల్లుడి కారు హారన్. నేను దొరికిపోతానా? చటుక్కున మళ్లీ స్విచ్ వేశాను. టప్‌మంది.

పనిమనిషి యాదమ్మ చీపురుతో సహా పరుగెత్తుకొచ్చింది. "ఏంది పెద్దమ్మా, గీ కాలిన వాసన? గా పెట్టెలకెళ్లి పొగ వస్తున్నది!"

"సాంబ్రాణి పొగే" అన్నాను.

"సాంబ్రాణి గిట్ల టైర్ కాలినట్టు వాసనొస్తదా? నన్ను పరేషాన్ చెయ్యకు, జర దూరం జరుగు!" అని నన్ను రెక్క పట్టుకుని బయటికి లాగింది.

అల్లుడు గుమ్మంలోనే ఆగిపోయాడు. "ఇల్లేంటి ఇంత నిశ్శబ్దంగా ఉంది?"

గదిలోకి వెళ్లాడు. బొట్లు చూశాడు, నీళ్లు చూశాడు. "చాలా... భక్తిగా చేశారు అత్తయ్య గారూ" అన్నాడు.

"లెక్కలన్నీ ఎప్పటికప్పుడు దాచుకుంటుందన్నావుగా బాబూ?"

"దాచుకునేది ఆ చిన్న పెట్టెలోనే అండి."

"దానికి కాపీ?"

"ఈమధ్య తీయలేదండి." అని బాల్కనీలోకి వెళ్లి, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. కాఫీ ఇస్తే తిరగకుండానే చెయ్యి చాచాడు. తిట్టినా బాగుండేది!

సోమవారం పాత ఫలితాలే పట్టుకుని వెళ్లాడు. సాయంత్రం వచ్చి నా పక్కన కూర్చున్నాడు. ప్రాజెక్టు మూసేశారు.

"మీ కొబ్బరికాయ వల్ల కాదండి. ఇలా మూతి మార్చుకున్న జబ్బు ఉన్నవాళ్లు మరీ తక్కువట. మందు కనిపెట్టినా కొనేవాళ్లుండరని ముందే అనుకున్నారట."

నిజమే చెప్పాడో, అత్తగారి మీద జాలితో అబద్ధమాడాడో నాకు తెలీదు. వేరే మాత్ర వాడుతున్నాను. డాక్టరమ్మ ఇంకా 'చూద్దాం' అనే అంటోంది.

నేను మాత్రం లిఫ్టులో, పార్కులో, మందుల షాపులో, అందరికీ కొబ్బరికాయ వల్లే పోయిందని చెబుతున్నాను. మేం తక్కువమందిమని మందు ఆగిపోయిందంటే ఎవరైనా నవ్వుతారా? నన్ను చంపడం ఇన్నాళ్లుగా నా జబ్బుకే చేతకాలేదు, ఆ పని నేను ఒక్క కాయతో చేశానంటే నవ్వుతారు. అదిగో, మీరూ నవ్వారు!

అన్నట్టు, ఆ కాయ పారేయలేదు. కొబ్బరి పచ్చడి చేశాను. అల్లుడు మారు అడిగి మరీ వేయించుకున్నాడు. ఆ పెట్టెల పుణ్యమా అని మనిషి నోటిదాకా వచ్చింది అదొక్కటే!