కప్ప ఆంటీ గొంతు

చికాగో పక్కనున్న షామ్‌బర్గ్‌లో నళినిని నళిని అని పిలిచేవాళ్లు తక్కువ. పెద్దవాళ్లకి ఆమె ‘కప్ప పాట నళినిగారు’. పిల్లలకైతే ఏకంగా ‘కప్ప ఆంటీ’. ఇండియన్ షాపులో ఆమె కందిపప్పు ప్యాకెట్ చేతిలోకి తీసుకునేలోపే వెనకనుంచి ఎవరో వచ్చి, “మీరు ఆవిడే కదండీ?” అని అడిగేవారు. ఆమె నవ్వేది. వాళ్లు తమ పిల్లవాణ్ణి ముందుకు తోసి, “ఆంటీకి ఆ పాట పాడి వినిపించరా” అనేవారు. పాపం, వాళ్లది ప్రేమే. ఆ ప్రేమతోనే మనిషిని ఒక మూల కూర్చోబెట్టి కదలనివ్వకుండా చేస్తున్నామని వాళ్లకి తెలియదు.

ఈ కప్ప గొడవ మద్రాసులో మొదలైంది. 1975లో నళిని సినిమాల్లో పాడదామని రాజమండ్రినుంచి వచ్చిన ఇరవై ఏళ్ల అమ్మాయి. ఆమెది నిండైన, కాస్త బరువైన గొంతు. సంగీతం నేర్పిన శేషమ్మగారు ఎవరినీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. అలాంటావిడే, “కింది స్వరాల్లో ఇంత నిలకడ అందరికీ ఉండదే, జాగ్రత్తగా చూసుకో” అని చెప్పి పంపింది. నళిని ఆ గొంతు పట్టుకుని స్టూడియోల చుట్టూ తిరిగి, చివరికి కోరస్‌లో నిలబడింది. ఒక రోజు రికార్డింగ్‌కి రావలసిన పిల్లవాడికి జ్వరం వచ్చింది. “చిన్నపిల్లాడిలా ఎవరు పాడతారమ్మా?” అని అడిగాడు సంగీత దర్శకుడు. ఇంట్లో తమ్ముణ్ణి అనుకరించి అందరినీ నవ్వించే అలవాటున్న నళిని చెయ్యెత్తింది.

బడి ఎగ్గొట్టడానికి కడుపునొప్పి నటించే పిల్లవాడి పాట అది. ‘బడికి నేను రానే రాను, కడుపులోన కప్పుంది’ అని మొదలవుతుంది. నళిని గొంతు నొక్కిపట్టి, ముక్కుతో గునిసి, ముద్దుముద్దుగా పాడేసింది. సినిమా రెండు వారాలకే మూలపడింది గానీ పాట మాత్రం ఊరూరా తిరిగింది. ఆ ఏడాది తెలుగుదేశంలో ఎంతమంది పిల్లల కడుపుల్లో కప్పలు చేరాయో లెక్కలేదు.

ఆ తర్వాత ఏ స్టూడియోకి వెళ్లినా ఒకటే మాట: “పిల్లాడి పాట ఉంటే కబురు చేస్తాం.” ఆమె తన అసలు గొంతుతో పాడబోతే, “అది అందరూ పాడతారమ్మా, నీ స్పెషల్ చూపించు” అనేవారు. నాలుగైదు పిల్లల పాటలు పాడించారు. ఒక్కటీ నిలవలేదు. ఇంతలో ఇంకా సన్నగా గునిసే అమ్మాయిలు వచ్చారు. నళిని తట్టాబుట్టా సర్దుకుంది.

చికాగో దగ్గర ఇంజనీరుగా పనిచేసే జగన్మోహన్ పెళ్లిచూపుల్లో ఆమెను కప్ప పాటే పాడమన్నాడు. పాడింది. ఈ పాట సముద్రం దాటి ఏం వస్తుందిలే, అక్కడ నా గొంతుతో మొదటినుంచీ మొదలుపెట్టుకోవచ్చు అని మనసులో అనుకుంది. 1978లో విమానం దిగగానే జగన్మోహన్ స్నేహితులు పూలదండలతో ఎదురొచ్చారు. ఎయిర్‌పోర్ట్‌లో జనమంతా చూస్తుండగా కోరస్‌గా కప్ప పాట ఎత్తుకున్నారు. నళినికి అక్కడే ఏడుపొచ్చింది. అది ఆనందబాష్పాలనుకుని వాళ్లు ఇంకో చరణం పాడారు.

అప్పటినుంచి ఉగాదికీ దీపావళికీ స్టేజి ఎక్కక తప్పలేదు. ఎడిసన్‌కీ డెట్రాయిట్‌కీ కూడా పిలిపించుకున్నారు. పట్టుచీర కట్టుకున్న ముప్పై ఏళ్ల ఆడది స్టేజి మీద పొట్ట పట్టుకుని గునుస్తుంటే డాక్టర్లూ ప్రొఫెసర్లూ పడీపడీ నవ్వేవారు. కప్ప తర్వాత ఇంకో పాట ఎత్తుకుంటే మాత్రం జనం సమోసాల వైపు లేచేవారు. జగన్మోహన్ చెడ్డవాడు కాదు. భార్య పాటంటే చెవి కోసుకుంటాడు, ఆ ఒక్క పాటంటే. ఆమె గరాజ్‌లో, కార్‌లో ఒంటరిగా కింది స్థాయిలో పాడుకునే పాటలు అతను ఎప్పుడూ వినలేదు. వినిపించమని అడగనూ లేదు.

ఆ రోజుల్లో కార్ రేడియోలో ఒక స్వీడన్ అమ్మాయి పాట తెగ వచ్చేది. ఒక ఏడాది ఏ స్టేషన్ తిప్పినా ఆమే. తర్వాత జాడ లేదు. రేడియోవాడు ‘ఆ ఒక్క పాట పిల్ల’ అని వెక్కిరించినప్పుడు జగన్మోహన్ నవ్వి, “మీ చెల్లెలే నళినీ” అన్నాడు. “ఆ అమ్మాయి తన గొంతుతోనే పాడిందండీ” అంది నళిని. అతనికి అర్థం కాలేదు. వైపర్లు వేసుకుని డ్రైవ్ చేస్తూ పోయాడు.

1985 చలికాలంలో నళిని గొంతు బొంగురుపోయింది. జలుబనుకుంది. నెల దాటినా తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లింది. ఆయన గొంతులోకి అద్దం పెట్టి చూసి, స్వరతంతువుల మీద చిన్న బొడిపెలు లేచాయన్నాడు. “ఏం పాడతారు?” అని అడిగితే కప్ప గొంతు కాస్త చేసి చూపించింది. ఆయన రెండు చేతులూ ఎత్తి ఆపేశాడు. ఆ గొంతు ఇక పెట్టవద్దన్నాడు. కొన్నాళ్లు ఊరుకుంటే అసలు గొంతు బాగుపడుతుందని, మళ్లీ ఇలాగే నొక్కి పాడితే మాత్రం అది మిగులుతుందని తాను మాట ఇవ్వలేనని చెప్పాడు.

ఇంటికి వచ్చి ఆ మాటే భర్తకి చెప్పింది.

“డాక్టర్లు అలాగే భయపెడతారు నళినీ. ఉగాది ప్రోగ్రామ్ ఒక్కటే కదా. రామమోహన్ గారు ఫ్లయర్స్ కూడా ప్రింట్ చేయించేశారు.”

“వేరే పాట పాడతానని చెప్పండి.”

తెలుగు సంఘం ప్రెసిడెంట్ రామమోహన్ స్వయంగా ఫోన్ చేశాడు. “తప్పకుండా పాడండమ్మా! ముందు కప్ప అయిపోనివ్వండి, తర్వాత మీకు నచ్చింది ఎంతసేపైనా పాడుకోండి. హాల్ తలుపులు నేనే మూయించేస్తా, ఒక్కడు లేస్తే ఒట్టు.”

నళిని ఆ ఎరకి లొంగిపోయింది. ఆమెను తిట్టాలనే అనిపిస్తుంది. కానీ పదేళ్లుగా తన గొంతు ఒక్కరికి కూడా వినిపించని మనిషి, జనం కదలకుండా కూర్చుంటారంటే వద్దనగలదా? ఒక్క కప్ప. ఆ తర్వాత శేషమ్మగారు నేర్పిన పాట, తన గొంతులో, తన స్థాయిలో. వారం రోజులు ఇంట్లో మాట్లాడటం మానేసి, వేడినీళ్లు తాగుతూ కాలక్షేపం చేసింది.

హైస్కూల్ ఆడిటోరియం కిక్కిరిసిపోయింది. ముందు వరసల్లో పిల్లలు. పల్లవి గట్టెక్కింది. రెండో చరణంలో పిల్లవాడు పైస్థాయిలో ‘అమ్మోయ్’ అని మెలికలు తిరిగే చోట గొంతులో ఏదో పట్టేసింది. స్వరం రాలేదు. బెకబెకమన్నట్టు ఒక చప్పుడు వచ్చింది. హాలంతా గొల్లుమంది. కావాలనే చేసిందనుకున్నారు. “వన్స్ మోర్!” అని కేకలు. నళిని ఇంకోసారి ప్రయత్నించింది. మళ్లీ అదే చప్పుడు. పిల్లలంతా ఆమెతో గొంతు కలిపి బెకబెకమనడం మొదలుపెట్టారు. ముందు వరసలో జగన్మోహన్ కూడా నవ్వుతున్నాడు. ఆమె చెయ్యి గొంతు మీదకి పోవడం చూశాక అతని నవ్వు మొహం మీదే బిగుసుకుపోయింది.

“మన నళినిగారు ఈసారి కప్పని కూడా వెంటబెట్టుకొచ్చారు!” అని రామమోహన్ మైకు అందుకున్నాడు. చప్పట్లు మోగాయి. భోజనాలు రెడీ అన్నాడు. రెండో పాట సంగతి ఎవరికీ గుర్తు లేదు.

తర్వాత నళినికి గుసగుసే మిగిలింది, అలసిపోతే అదీ ఉండదు. డాక్టర్ ఈసారి కోప్పడలేదు, తల మాత్రం అడ్డంగా ఊపాడు. మాట కొంత రావచ్చు, పాట మీద ఆశ పెట్టుకోవద్దన్నాడు. జగన్మోహన్ ఒక ఆదివారం అంట్లు తోముతూ, “వద్దని నేను చెప్పాల్సింది నళినీ” అన్నాడు. ఆమెకి అతని మీద కోపం వచ్చింది. అంతకు రెట్టింపు తన మీద వచ్చింది. రెండూ పైకి అనడానికి గొంతు లేక తడిగుడ్డ అందుకుని గిన్నెలు తుడిచింది.

దీపావళి ముందు రామమోహన్, ఆయన భార్య ఉష పళ్లు పట్టుకుని ఇంటికి వచ్చారు. కాసేపు పరామర్శించారు. ఆ తర్వాత రామమోహన్, “కప్ప లేకపోతే పిల్లలు ఊరుకోరమ్మా. పోనీ, మన మీనా పాడకూడదూ?” అన్నాడు. నళిని కూతురు, ఆరేళ్ల మీనా, సోఫా మీద ఎగిరి గంతేసింది. నళిని ఆలోచించింది. పిల్లల పాట పిల్ల పాడితే తప్పేముంది? అది గొంతు నొక్కనక్కర్లేదు, దేవుడిచ్చిన గొంతుంది. సరేనని తలూపింది. చాలా నెలల తర్వాత ఆ రోజు ఆమె మనసు కాస్త తేలికపడింది.

శనివారం పొద్దున మీనా లివింగ్ రూమ్‌లో ప్రాక్టీస్ మొదలుపెట్టింది. వంటింట్లో దోసెలు పోస్తున్న నళిని చేతిలో గరిటె ఆగిపోయింది. వినిపించేది మీనా గొంతు కాదు. తను పాడిన పాత క్యాసెట్ అనుకుని బయటికి వచ్చింది. క్యాసెట్ లేదు. మీనా గడ్డం మెడకి ఆనించుకుని, నరాలు పొంగేలా గొంతు నొక్కి, ముక్కుతో గునుస్తోంది.

నళిని స్టవ్ ఆర్పి వచ్చి కూతురి ముందు కూర్చుంది. “అలా వద్దు నాన్నా. నీ గొంతుతో పాడు” అంది గుసగుసగా.

మీనా అయిష్టంగానే తలెత్తి పాడింది. నిండుగా, బరువుగా వచ్చింది పాట. ఆ వయసు పిల్లలో అంత నిలకడ ఎక్కడిదో నళినికి బాగా తెలుసు. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

మీనా ఠక్కున ఆపేసింది. “సారీ అమ్మా. ఐ నో. కిడ్స్ ఇలా పాడరు కదా.”

‘ఇలాగే పాడతారమ్మా’ అనబోయింది నళిని. పెదాలు కదిలాయి, మాట రాలేదు. మీనా మళ్లీ గడ్డం దించుకోబోయింది. నళిని ఆ గడ్డం కింద చెయ్యి పెట్టి పట్టుకుంది.

“చెయ్ తియ్ అమ్మా. సాంగ్ రావట్లేదు.”

నళిని చెయ్యి తియ్యలేదు.