డప్పు మోగని వాడ

పొద్దున ఏడుంపావుకు నల్గొండ బస్టాండులో చండూరు మీదుగా మర్రిగూడ వెళ్లే బస్సెక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు ఆడవాళ్లకిచ్చే జీరో టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు. గ్రామ పంచాయతీలకు శిక్షణ ఇవ్వడం నా పని. వెనకబడిన వాడలకు రావాల్సిన నిధులు ఆ వాడలకే ఖర్చు పెట్టాలని, ఊళ్లో ఏ పని ముందు చేయాలో గ్రామసభలో అందరి ముందూ తేల్చాలని చట్టం చెబుతోంది. చట్టం చెబితే సరిపోతుందా? దాని ప్రకారం నడిచేలా సర్పంచులను సిద్ధం చేయాలి. ఆ రోజు పదకొండింటికి మర్రిగూడ అవతల ఒక చిన్న ఊళ్లో సభ. ఊరి పేరు రాయను, అక్కడివాళ్లతో నాకింకా పని ఉంది.

నా పక్కన ఎలిశమ్మ అనే ఆవిడ, ఆమె భుజం మీదికి ఒరిగి వాళ్ల అత్త కూర్చున్నారు. నిన్న నల్గొండ దవాఖానలో అవ్వను చూపించుకుని ఇప్పుడు తిరిగి వెళ్తున్నారట. అవ్వ మోకాళ్లు వంకర తిరిగాయి, మెడ తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. ఫ్లోరైడు నీళ్లు చేసిన పని అది. మాటల్లో తెలిసింది, వాళ్లదీ నేను వెళ్తున్న ఊరే.

“మీకు నల్లా లేదా?” అన్నాను.

“నల్లా పైపు ఊర్లకచ్చి ఆగింది అక్కా. మా వాడకు రాలే. గా బోరు నీళ్లు బంద్ జెయ్యమని డాక్టర్ మొత్తుకుంటడు. బంద్ జేసి ఏం తాగాలె?”

“ఇవాళ గ్రామసభ ఉంది కదా. గట్టిగా అడగండి.”

ఆమె నా ముఖంలోకి చూసింది. “ఏం సభ? మాకెవ్వలు చెప్పలే.”

నాకు ఒళ్లు మండింది. చండూరులో బస్సు ఆగితే అవ్వకు ఇడ్లీ తినిపించి, మేమిద్దరం చాయ్ తాగాం. మర్రిగూడలో దిగి షేర్ ఆటో ఎక్కాం. ఆ దారిన వెళ్లేవారికి ఒక మాట: మంచినీళ్ల సీసా మర్రిగూడలోనే కొనుక్కోండి.

అవ్వను ఇంట్లో దించి ఎలిశమ్మ కూడా నాతో పంచాయతీ ఆఫీసుకు వచ్చింది. కుర్చీలు వేసి ఉన్నాయి, జనం ఉన్నారు, ఆ కుర్చీల్లో ఎలిశమ్మ వాడ మనిషి ఒక్కరూ లేరు. సర్పంచి మల్లయ్య గొర్రెల కాపరుల ఇంటివాడు, నవ్వుముఖం. పెద్ద బజారుకు సీసీ రోడ్డు వేయాలని తీర్మానం ముందే అనుకుని పెట్టుకున్నాడు.

“సభ సంగతి అందరికీ చెప్పారా?” అని అడిగాను.

“ఊరంత చాటిచ్చినం మేడమ్. గీ యాదయ్యనే అడుగుండ్రి.”

డప్పు కొట్టి చాటే యాదయ్యదీ ఎలిశమ్మ వాడే, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. “ఊరి నడుమ బొడ్రాయి కాడ మొదలువెట్టిన. గొల్లోళ్ల గల్లీ, పెద్ద బజారు, బస్టాపు దాంక కొట్టిన మేడమ్.”

“మరి మీ వాడలో?”

అతను నవ్వాడు. “మా వాడల ఎందుకు? డప్పు మా ఇంట్ల నుంచే ఎల్లుతది గద. మా నాయిన గూడ ఎన్నడు ఆడ చాటలే.”

“డప్పు ఆన్నే ఉండె, ఆళ్లకు ఎర్క గాదా?” అన్నాడు మల్లయ్య.

“నాకెర్కలే సర్పంచ్ సాబ్,” అంది గుమ్మంలోంచి ఎలిశమ్మ. “బస్సుల గీ అక్క చెప్తెనే తెల్సింది.”

ఎవరూ కావాలని చేసింది కాదు. చాటేవాడి ఇంటికి చాటింపు అక్కర్లేదని తాతల నాడే అనుకున్నారు, అంతే. ఎవరి మీద కోప్పడాలో తెలియకపోయినా కోపం మాత్రం వచ్చింది.

“ఈ సభ చెల్లదు,” అన్నాను. “పత్తి ఏరబోయినవాళ్లు తిరిగొచ్చాక సాయంత్రం ఆరింటికి పెట్టండి. ముందు ఆ వాడలో చాటించండి.”

“గింతమంది కూసున్నంక వాపస్ పొమ్మంటరా?”

“అంటాను. రేపు ఎవరైనా అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది మీరే.”

మల్లయ్య గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. వెనకాడింది యాదయ్యే. “మా అన్నదమ్ముల ముంగట నేను చాటుడా? నవ్వుతరు.”

“నవ్వనియ్ బావా. నువ్వు కొట్టు,” అంది ఎలిశమ్మ.

మధ్యాహ్నం ఎలిశమ్మ ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర తిన్నాను. పొద్దు వాలుతుండగా కూలీల ఆటోలు వచ్చాయి. వాడలోని చర్చి మూల మీద యాదయ్య డప్పు కొట్టాడు. ఎవరూ నవ్వలేదు. చేతులు కడుక్కుంటున్న ఆడవాళ్లు తడి చేతులతోనే బయటికి ఉరికారు.

“ఎవలు పోయిండ్రు యాదయ్యా?”

ఆ వాడలో డప్పు మోగితే చావు కబురే. యాదయ్య డప్పు ఆపాడు. తర్వాత గట్టిగా అరిచాడు. “ఎవలు పోలే! గ్రామసభ ఉంది, మనల్ని గూడ రమ్మంటుండ్రు!”

అందరూ వచ్చారు. అవ్వ కూడా కర్ర పట్టుకుని వచ్చింది. రోడ్డా, పైపా అని తెగ వాదులాడుకున్నారు. నేను చట్టం చదివి వినిపించి ఊరుకున్నాను. పైపు ముందు కావాలన్నవాళ్లు చేతులెత్తమంటే అవ్వ చెయ్యి భుజం దాకా కూడా లేవలేదు. పంచాయతీ కార్యదర్శి ఆమెను దాటి లెక్కపెట్టుకుంటూ పోతున్నాడు. ఎలిశమ్మ ఆ మోచేతిని పట్టి మెల్లగా పైకెత్తింది.

“అవ్వది గూడ రాయి,” అన్నాడు మల్లయ్య. తన రోడ్డు వెనకబడుతుందని తెలిసే అన్నాడు. ఆ క్షణం ఆ మనిషి నాకు నచ్చాడు. పైపు ముందు, రోడ్డు తర్వాత అని తీర్మానమైంది.

బస్సు తప్పిపోయింది కాబట్టి ఎలిశమ్మ ఇంట్లోనే పడుకున్నాను. పొద్దున్నే ఆటో ఎక్కుతుంటే అవ్వ గడపలోంచి పిలిచింది.

“బిడ్డా, పైపు పడ్డనాడు గూడ డప్పు కొట్టిస్తవా? గీ వాడల సావు డప్పే ఇనుకుంట ముసల్దాన్నయిన. నల్లా నీళ్లకు ఒక్కపారి ఇనాల్నని ఉన్నది.”

“కొట్టిస్తా అవ్వా,” అన్నాను. నోటి నుంచి మాట జారాక భయమేసింది. తీర్మానానికి, నల్లాకు మధ్య ఎన్ని ఆఫీసులున్నాయో నాకు తెలుసు.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, దారి పొడుగునా పత్తి చేలు. ఇకమీదట ఏ పంచాయతీకి వెళ్లినా చట్టం తర్వాత చెబుతాను. చాటింపు ఏ వాడకు పోలేదో ముందు అడుగుతాను. తొమ్మిదింటికి నల్గొండలో దిగాను. ఇంటి వైపు ఆటోలు పిలుస్తున్నా ఎక్కలేదు. తీర్మానం నకలు సంచిలో ఉంది, నీళ్ల ఇంజనీరు ఆఫీసు పదిన్నరకు తెరుస్తారు. వెళ్లి ఆ గుమ్మం ముందు కూర్చున్నాను.