పై అర కోసం పరదాలక్క యోగా

యోగా అనగానే విశ్వం, ఆత్మ, అంతర్యాత్ర అని మొదలుపెట్టేవాళ్ళని కాసేపు గుమ్మం బయట కూర్చోబెడదాం. పరదాలక్కకి కావలసింది విశ్వం కాదు, పై అర.

ఆమె పనిచేసేది కిటికీ పరదాల గుడ్డ అమ్మే కొట్లో. నిచ్చెనెక్కి, చేతులు బార్లా పైకి చాచి, బరువైన బట్ట తాను దించి, బల్ల మీద ఒక్క విసురున పరిచిందంటే కొనేవాళ్ళు బేరం మరిచిపోయేవారు. అలాంటిది కుడి భుజం బిగుసుకుపోయింది. చెయ్యి చెవి దాటి లేవదు. "సీజన్ మొదలయ్యేలోగా పై అర అందుకో. లేదా గోడౌన్లో మూటలు కట్టుకో," అన్నాడు యజమాని. యోగా చేస్తూ చెయ్యి కదిలిస్తూ ఉండమన్నాడు డాక్టరు. యోగా క్లాసు ఫీజు కనుక్కుని, ఆమె ఎక్కిన మెట్లే దిగింది.

ఇల్లు లేదా ఏంటి! మంచాన్ని గోడకి నిలబెట్టింది. ఫోను పిండి డబ్బాకి ఆనించి వీడియో పెట్టింది. కొట్లో మిగిలిన మందపాటి పరదా ముక్కే చాప. తాను చుట్టే అట్ట గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని పైకెత్తడమే కసరత్తు. అత్తగారిని కాస్త జరగమంటే, "నేను జరిగితే నా సీరియల్ ఎవరు చూస్తారే?" అంది.

మొదట చేతులు నేలకానించి నడుము పైకెత్తాలి. ఎత్తింది. చేతులు ముందుకీ కాళ్ళు వెనక్కీ జారి బోర్లాపడింది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ జారింది.

"ఇది యోగానా, ఈతా?" అంది అత్తగారు.

"నవ్వకండత్తయ్యా, చాప జారుతోంది!"

"జారదూ మరి? మెరుపు వైపు పైకేసి పరిచావు."

"కొనేవాళ్ళకి కనపడాలి కదా..." అని నాలుక్కరుచుకుంది పరదాలక్క. ఏళ్ళ తరబడి ఏ గుడ్డ పరిచినా మెరుపు పైకే. ఇంట్లోనూ చెయ్యి తన అలవాటు మానలేదు. ఇక్కడ కొనేదెవరు, అత్తగారా?

తిరగేసింది. గరుకు వైపు అరచేతుల్ని గట్టిగా పట్టుకుంది. నడుము లేచింది! ఆ రోజు నుంచి పొద్దున్నే గుడ్డ తిరగెయ్యడం, గొట్టం ఎత్తడం. గొట్టం ముక్కు దాటింది, నుదురు దాటింది. అత్తగారు సీరియల్ వదిలేసి, "ఇంకొంచెం, ఇంకొంచెం!" అని అరుస్తోంది. ఓ పొద్దున గొట్టం పైకి లేచి ఫాను రెక్కకి టక్కున తగిలింది.

"కరెంటు పోయింది కాబట్టి సరిపోయింది!" అంటూనే అత్తగారు చప్పట్లు కొట్టేసింది.

సీజన్ మొదలైంది. కొత్తిల్లు కట్టుకున్న దంపతులు వచ్చి పై అరలోని నీలం గుడ్డ అడిగారు. యజమాని కళ్ళు ఆమె భుజం మీదే ఉన్నాయి. ఆమె నిచ్చెనెక్కింది. రెండు చేతులూ లేచాయి, చెవులు దాటాయి, తానుని ఒడుపుగా దించాయి. బల్ల మీద ఒక్క విసురు!

"అందిందమ్మా, అందింది! కానీ తిరగేసి పరిచావేంటి తల్లీ?" యజమాని నెత్తి కొట్టుకున్నాడు.

చూస్తే బల్ల నిండా గరుకు వైపే.

"జారకుండా ఉంటుందనండీ," అంది పరదాలక్క నవ్వాపుకోలేక. అప్పటికే మళ్ళీ నిచ్చెన మీదుంది. "ఇంకోటి దించమంటారా?"