లాకు లేని పోలు

నా తమ్ముడి భుజం విరిగిన చప్పుడు నాకిప్పటికీ గుర్తుంది. సముద్రం హోరులో పక్కనున్నవాళ్ళు అరిచినా సరిగా వినపడదు, అది మాత్రం వినపడింది. ఎండిన కొబ్బరి మట్టను మోకాలి మీద పెట్టి విరిస్తే వచ్చే చప్పుడు. వాణ్ణి కొట్టింది ఇనప గొట్టంతో. ఆ గొట్టం నేను గీసిచ్చిన బొమ్మ ప్రకారం వాడే కోసి, వాడే వెల్డింగు చేసి, వాడే పసుపు రంగు వేసిన మా వాలీబాల్ నెట్టు పోలు.

నేను ఒక హైస్కూల్లో ఆటలు నేర్పే పి.ఇ.టి.ని. కోపిష్ఠిదాన్ని. ఈ మాట ఇంకెవరైనా అంటే ఊరుకోను గానీ నా గురించి నేను అనుకోవచ్చు. మేడంగారి గొంతుకి విజిల్ దండగ అని పిల్లలు నా వెనకాల నవ్వుకుంటారని నాకు తెలుసు. మా స్కూలు గ్రౌండు వానలు పడితే చెరువే. పక్కనున్న వరిచేలకీ దానికీ ఒకటే తేడా, చేలో నాట్లు పడతాయి, గ్రౌండులో పడవు. నీళ్ళు దిగి నేల ఆరేసరికి జిల్లా పోటీలు అయిపోతాయి. మా ఆడపిల్లలు ఏటా ప్రాక్టీసు లేకుండా వెళ్ళడం, మొదటి ఆటలోనే ఓడిపోవడం, తిరుగు బస్సులో ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడవడం. చూసి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఇసకలో నీళ్ళు నిలవవు కదా అని ఒక వానాకాలం వాళ్ళని ఆటో ఎక్కించి బీచికి తీసుకెళ్ళాను.

అక్కడ సరుగుడు తోట చివర అప్పటికే ఒక కోర్టు ఉంది. రెండు సరుగుడు గుంజలు పాతి, పక్క ఊరి కుర్రాళ్ళు ఆడుకునేవారు. కుర్రాళ్ళంటే పాలుగారే పసివాళ్ళేం కాదు, గడ్డాలు పెరిగినవాళ్ళు. వాళ్ళలో పెద్దవాడు పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్కు, మెడ బిరుసు మనిషి. మీరు ఆడనప్పుడు మమ్మల్ని ఆడుకోనివ్వమని వాణ్ణి మర్యాదగానే అడిగాను.

“ఇది మా కోర్టండి మేడంగారూ. మీ పిల్లల్ని తీసుకెళ్ళి తొక్కుడుబిళ్ళ ఆడించుకోండి,” అన్నాడు.

మా వైపు మర్యాదకేమీ లోటుండదు. తిట్టేటప్పుడు కూడా చివర ‘అండి’ పెట్టి మరీ తిడతారు.

వాళ్ళు రాని పూట చూసి, ఆ గుంజలకే మా నెట్టు కట్టుకుని ఆడాం. ఆట మధ్యలో మోటారు సైకిళ్ళ మీద దిగారు. మేం చూస్తుండగానే ఆ మెకానిక్కు చేపలు కోసే కత్తి తీసి నెట్టును నిలువునా చీరేశాడు. చీరేసి, “దెబ్బతింటారండి, ఎల్లిపోండి” అన్నాడు. పిల్లలు భయపడి నా వెనక్కి చేరారు. చిరిగిన నెట్టు చుట్టి చంకలో పెట్టుకున్నాను.

ఆ కోపంతోనే తిన్నగా తమ్ముడి షాపుకి వెళ్ళాను. వాడు దుబాయ్‌లో కట్టడాల దగ్గర పరంజాకి స్కఫోల్డింగు గొట్టాలు బిగించే పని చేసి, తిరిగొచ్చి అమలాపురం రోడ్డు మీద వెల్డింగు షాపు పెట్టుకున్నాడు.

“ఒరేయ్, ఎవడి గుంజా అక్కర్లేని నెట్టు కావాలి నాకు. ఆటోలో పట్టాలి. ఆడపిల్లలు ఎత్తి మోయగలగాలి. ఏ ఒడ్డున దిగితే ఆ ఒడ్డున నిలబడాలి,” అన్నాను.

“ఆయ్, అలాగే నిలబెడదాం. ముందు నువ్వు కూచో అక్కా. షాపు ముందు జనం పోగవుతున్నారు,” అన్నాడు.

పోలు నిలబెట్టడం సులువే, దాన్ని పట్టి ఉంచడమే కష్టం. ముందు గేదెల్ని కట్టేసే ఇనప మేకులు తెచ్చి ఇసకలో దిగగొట్టాం. మా ఊరి బంకమట్టిలో దిగితే దున్నపోతు లాగినా ఆ మేకు ఊడదు. ఇసకలో తాడు బిగించామో లేదో మేకు చివాల్న లేచి, నా చెవి పక్కనించి పోయి ఆటో అద్దం పగలగొట్టింది. ఒక్క అంగుళం ఇటు జరిగితే నా తల పగిలేది. తమ్ముడు పగలబడి నవ్వాడు. వాడి వీపు మీద గట్టిగా ఒకటి వేశాను. అప్పటికీ కోపం తీరక, కాలి దగ్గరున్న కొబ్బరి మట్టను ఫెడీమని తన్నాను. అది సగం ఇసకలో కూరుకుపోయి ఉంది. కదల్లేదు సరికదా నా బొటనవేలు గోరు లేచిపోయింది.

రక్తం కారుతున్న వేలు పట్టుకుని కూచుని, ఆ మట్ట వంకే చూశాను. లాగి చూశాను. రాలేదు. తమ్ముడు లాగాడు. వాడికీ రాలేదు. అడ్డంగా గొయ్యి తీసి, మట్ట నడుముకి తాడు కట్టి, గోతిలో పడుకోబెట్టి ఇసక కప్పి తొక్కాం. తర్వాత ఇద్దరం ఆ తాడు పట్టుకుని వెనక్కి వేలాడినా అది చెక్కుచెదరలేదు. ఇంక మేకులు మొయ్యక్కర్లేదు. మా కోనసీమలో ఏ ఒడ్డుకెళ్ళినా కొబ్బరి మట్టకి కరువా? కోపం వల్ల నాకు జరిగిన మేలు ఇన్నేళ్ళలో అదొక్కటే.

పోలుని రెండు ముక్కలు చేశాం. ఒకదాంట్లో ఒకటి దూర్చి తిప్పితే స్ప్రింగు లాకు టక్కున పడేది. లాకు పడ్డాక అది నిలువెత్తు ఇనప కడ్డీ, ఎటు ఊపినా ఊడదు. కోర్టు గీతలకి మంచాల నవారు వాడాం. అంతా ఆటో మీద కట్టుకుని, ఆ కుర్రాళ్ళ కోర్టుకి బాగా దూరంగా, ఒడ్డు వెంట కిందికి వెళ్ళి ఆడడం మొదలుపెట్టాం.

అంత దూరం వెళ్ళినా వాళ్ళు ఊరుకోలేదు. దానికి కారణం మా పిల్లలు బాగా ఆడడమే. ఆదివారం ప్రార్థన అయ్యాక బీచికొచ్చే జనం, వాళ్ళ కోర్టు దాటుకుని మా దగ్గరికొచ్చి నిలబడేవారు. ఐసు బండివాడు కూడా మా వైపే బండి ఆపేవాడు. ఆ మెకానిక్కుకి అది తల కొట్టేసినట్టయింది.

ఒక ఆదివారం ఆరుగురు వచ్చారు. మాటా పలుకూ లేదు. వస్తూనే కత్తితో తాళ్ళు కోసేశారు. పోలు కూలి, నెట్టు మా పిల్లల మీద పడింది. ఒకమ్మాయి అందులో చిక్కుకుని చేపలా కొట్టుకుంది. తమ్ముడు మెకానిక్కు చొక్కా పట్టుకున్నాడు. ఇద్దరూ కిందపడి దొర్లారు. వాడి నోట్లో గుప్పెడు ఇసక కుక్కాడు మా తమ్ముడు, వాడు తమ్ముడి ముక్కు మీద గుద్దాడు. నన్ను వెనకనించి ఎవడో పట్టుకుంటే వాడి మణికట్టు కొరికాను. రక్తం వచ్చేదాకా వదల్లేదు. ఇంతలో మెకానిక్కు లేచి, కూలిన పోలు అందుకుని, దానికి వేలాడుతున్న నెట్టు పీకేసి, రెండు చేతులతో తల మీదికెత్తి కొట్టాడు. తమ్ముడు తల పక్కకి తిప్పుకున్నాడు కాబట్టి బతికాడు. లాకు గట్టిది. గొట్టం వంగలేదు, ఊడలేదు. దెబ్బ మొత్తం వాడి కుడి భుజంలోకి దిగింది.

ఆస్పత్రిలో భుజానికి రాడ్డు వేశారు. చెయ్యి ఇంక భుజం పైకి లేవదని చెప్పారు. వెల్డింగు చేసుకు బతికేవాడికి కుడిచెయ్యి లేవదంటే ఏం మిగిలింది? నేను వాడి మంచం పక్కనే నిలబడి, ఆ పోలుతోనే ఆ మెకానిక్కు తల బద్దలు కొడతానన్నాను. ఊరికే అన్న మాట కాదు. ఎక్కడ నిలబడి కొట్టాలో, ఎంత ఎత్తాలో కూడా ఆలోచించుకున్నాను.

“నువ్వు జైలుకెళ్తే పిల్లల్ని ఎవరాడిస్తారక్కా?” అన్నాడు తమ్ముడు.

“ఎవరో ఒకరు,” అన్నాను.

“నీకు తెలీదేంటి, ఎవరూ రారు. వాళ్ళని మళ్ళీ తొక్కుడుబిళ్ళకి పంపించేస్తారు.”

వాడన్నది నిజమే గానీ నా కోపం ముందు ఆ నిజం నిలబడలేదు.

పోలీసు కేసు వద్దని రెండూళ్ళ వాళ్ళూ అనుకుని పెద్దల్లో పెట్టారు. మా పెదనాన్నగారు రిటైరైన హెడ్మాస్టరు, రెండూళ్ళలోనూ ఆయన మాటకి ఎదురు లేదు. చర్చి వరండాలో కుర్చీలు వేసి అందరినీ కూచోబెట్టారు. ఇరువైపులా విని, చివరికి ఆ మెకానిక్కు వైపు తిరిగి తీర్పు చెప్పారు.

“కొట్టినవాడే తప్పు దిద్దుకోవాలి. వచ్చే నెల మొదటి ఆదివారం ప్రార్థన అయ్యేక, అందరూ చూస్తుండగా ఆ పిల్లలకి నీ చేత్తో నెట్టు కట్టాలి. ఆట అయ్యేదాకా ఆ తాళ్ళ దగ్గరే కూచోవాలి. ఏమ్మా, నీకు సమ్మతమేనా?”

“ఆయ్, అలాగేనండి పెదనాన్నగారూ,” అన్నాను.

అంత నెమ్మదిగా అన్నందుకు తమ్ముడు తల తిప్పి నా మొహం వంక చాలాసేపు చూశాడు.

మర్నాడే కొత్త పోలు చేద్దామన్నాడు. వాడు కుర్చీలో కూచుని ఎడమచేత్తో చూపించేవాడు, నేను కోసేదాన్ని. ఇనుము వద్దన్నాడు, పల్చటి అల్యూమినియం గొట్టం తెప్పించాడు. రెండు ముక్కలు కాదు, నాలుగు చెయ్యమన్నాడు.

“మరి లాకులు?” అన్నాను.

“లాకు వద్దక్కా. ఇసక పడి పట్టేస్తుంది. ఉప్పుగాలికి స్ప్రింగు తుప్పు పడుతుంది.”

“లాకు లేకపోతే ఊడిపోదూ?”

“తాళ్ళు బిగించేవనుకో, అవి పోలుని కిందికి నొక్కి పట్టుకుంటాయి. నొక్కితే ఊడదు గదా. నిలబెట్టి చూడు.”

నిలబెట్టి చూశాం. నిజమే, ఇద్దరు పిల్లలు నెట్టు పట్టుకుని ఊగినా పోలు కదల్లేదు. తాళ్ళు వదిలి పైకెత్తితే మాత్రం జల్లున నాలుగు ముక్కలైంది. ఆ కుర్రాళ్ళు మళ్ళీ దీన్ని కర్రలా ఎత్తకుండా చేశాడని అనుకున్నాను. మా తమ్ముడి బుర్రే బుర్ర అని మెచ్చుకున్నాను కూడా.

ఆ ఆదివారం తుఫాను గాలి మొదలైంది. అలలు ఎత్తుగా లేచి ఒడ్డున విరుగుతున్నాయి. అయినా జనం వచ్చారు, సినిమాకొచ్చినట్టు వచ్చారు. మెకానిక్కు ఒక్కడే వచ్చాడు. తల ఎత్తకుండా గోతులు తీశాడు. మట్టలు పాతాడు. ఒక పోలు నిలబెట్టి తాళ్ళు బిగించాడు. రెండోది ముక్కలు దూర్చి ఇసకలో పడుకోబెట్టాడు. వెనక ఎవరో ఈల వేశారు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. తాడు చేతికి చుట్టుకుంటూ, నాకు మాత్రమే వినపడేలా అన్నాడు.

“ఒంటిచేత్తో ఏం కడతారులెండి మీ తమ్ముడుగారు. ఇంక నేనే వచ్చి కట్టిపెడుతుంటాను.”

తర్వాత నాకు ఆలోచన లేదు. పడుకోబెట్టిన పోలు రెండు చేతులతో లాక్కుని తల మీదికెత్తాను. వాడు చేతులు నెత్తిన పెట్టుకుని కూలబడ్డాడు. పిల్లలు కేక పెట్టారు. నా ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను.

పై ముక్క ముందే జారి నా వెనక ఎక్కడో పడింది. దాని కింద ముక్క నా భుజానికే తగిలింది. మూడోది వాడి ముందు ఇసకలో పడింది. నా చేతిలో మిగిలిన ముక్క వాడి వీపు మీద టప్పుమంది, చాప దులిపినట్టు. మళ్ళీ కొట్టాను. మళ్ళీ. అది వంగిపోయింది గానీ వాడికి చొక్కా కూడా చిరగలేదు. వాడు చేతులు దించి బిత్తరపోయి చూశాడు. పిల్లల్లో ఎవరో భయంతోనే కిసుక్కుమన్నారు. నాకు ఏడుపొచ్చింది. వాణ్ణి చంపలేకపోయానన్న ఉక్రోషంతో, అంతమందిలో చంటిపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చాను.

తమ్ముడు వచ్చి నా చేతిలో ముక్క తీసుకున్నాడు.

“వాళ్ళు ఎత్తకుండా చేశావనుకున్నానురా,” అన్నాను.

“వాళ్ళ గురించి నాకేం బెంగక్కా? పెదనాన్నగారితో అలాగేనండి అన్నావు చూడు, అప్పుడు భయం వేసింది. నీకోసమే కోయించేను, నీ చేతే.”

మెకానిక్కు ఆ మాట విన్నాడు. లేచి, తమ్ముడి చేతిలో వంగిన ముక్క అడిగి తీసుకున్నాడు. మోకాలి మీద పెట్టి నొక్కి సాపు చేశాడు. చెల్లాచెదరైన ముక్కలన్నీ ఏరుకొచ్చి ఇసక దులిపి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, పోలు నిలబెట్టి తాళ్ళు బిగించాడు. ఆట అయ్యేదాకా గాలిలో, తుంపరలో అక్కడే కూచున్నాడు. నాకు వాడి మీద కోపం తగ్గలేదు. ఈ రోజుకీ తగ్గలేదు. మొహం తుడుచుకుని విజిల్ ఊదాను.

తమ్ముడు ఇప్పటికీ జుట్టు దువ్వుకోవాలంటే తలే దువ్వెన దగ్గరికి వంచుకుంటాడు. అది చూసినప్పుడల్లా లేచి రంపం అందుకుంటాను. షాపులో గొట్టాలు నేనే కోస్తున్నాను. రాజోలు నుంచీ కొత్తపేట నుంచీ డ్రిల్లు మేష్టార్లు వచ్చి, బీచి నెట్టు సెట్టు చేసిపెట్టమని అడుగుతున్నారు. అంతా బాగుంది గానీ జాయింటుకి ఒక లాకు పెడితే గట్టిగా ఉంటుంది కదండీ అంటారు. పెట్టనంటాను. ఎందుకండీ అని అడుగుతారు.

ఇసక పడి పట్టేస్తుందండి, అంటాను.